తెల్లబడని పేజీ

ఆల్బన్ ట్రెగియర్‌ లోకంలో సహించలేనిది ఒక్కటే: కంప్యూటర్ తెర మీద పేజీ తెల్లబడటం. ఎవరైనా బటన్ నొక్కగానే ఉన్న పేజీ మాయమై, తెర సున్నం కొట్టిన గోడలా నిలబడి, మళ్ళీ పైనుంచి ముక్కముక్కలుగా దిగుతూ ఉంటే, పక్కవాళ్ళు బట్టలు మార్చుకుంటున్నట్టు ఆయన మర్యాదగా తల తిప్పుకునేవాడు. కాసేపాగి "అయిందా?" అని అడిగి, అప్పుడు ఇటు తిరిగేవాడు.

రెండువేల సంవత్సరం నాటి మాట. ఆస్ట్రేలియాలోని హోబర్ట్ రేవు దగ్గర, చేపల దుకాణం మీది గదిలో గ్లెనిస్ పోర్టియస్ వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న సంస్థ నడిపేది. అంతకు ముందు ఓడల రేడియోలు బాగుచేసిన ఆల్బన్ ఆమె దగ్గర పనికి కుదిరాడు. ఆయన్ని ఎందుకు భరిస్తోందో ఆమెకే తెలియదు.

పబ్బులోనూ ఆయనది ఇదే వరస. కథ మధ్యలో ఎవడైనా బీరు కోసం లేస్తే, చెప్పేవాణ్ణి అక్కడే ఆపించి, వాడు తిరిగొచ్చాక ఆగిన మాట దగ్గర్నుంచే మొదలుపెట్టించేవాడు. తనకు కావలసినప్పుడు మాత్రం కుర్చీ వెనక్కి చెయ్యి పెట్టి వేలు ఆడించేవాడు. బారు వెనకున్న మనిషి అది చూసి గ్లాసు పంపేవాడు. ఒక్క గ్లాసు కోసం బల్ల మొత్తం లేచి నిలబడాలా అన్నది ఆయన ప్రశ్న.

పనిలోనూ అదే సిద్ధాంతం. పేజీ ఉన్నచోటే ఉండాలి. దాని చాటునుంచి చిన్న ప్రశ్న సర్వర్ దాకా వెళ్ళి జవాబు పట్టుకుని రావాలి. ఆ రోజుల్లో అందుకు రాజమార్గం లేదు, దొంగదారులే. ఆల్బన్ ఒకటి కనిపెట్టాడు. పేజీ సర్వర్‌ని కంటికి కనపడనంత చిన్న బొమ్మ అడుగుతుంది. వచ్చిన బొమ్మ ఒక చుక్క వెడల్పుంటే "లేదు" అని, రెండు చుక్కలుంటే "ఉంది" అని అర్థం.

"అంటే ఇంత యంత్రాన్నీ పెట్టుకుని బొమ్మ వెడల్పు కొలిచి మాట్లాడిస్తున్నావా?" అంది గ్లెనిస్.

"మాట్లాడుతోందిగా," అన్నాడు ఆల్బన్.

ఆ ఏడాది వాళ్ళకి ఫ్లిండర్స్ దీవి సహకార సంఘం పని దొరికింది. దీవిలో జనం ఇంట్లోంచే సరుకులు అడగాలి, ఫలానాది దుకాణంలో ఉందో లేదో పేజీ చెప్పాలి. బొమ్మల పద్ధతి చక్కగా కుదిరింది. చలికాలంలో అక్కడి టెలిఫోను లైన్లు చూసి రమ్మని గ్లెనిస్ ఆల్బన్‌ను పంపింది. తిరిగొచ్చినవాడు పూర్తయిన పనంతా తీసి అవతల పారేశాడు.

ఈసారి పేజీలో ఇంకో పేజీ పెట్టాడు. దానికి ఎత్తు సున్నా, ఉన్నట్టే తెలియదు. ప్రశ్నలూ జవాబులూ అందులోంచి నడుస్తాయి. చిక్కల్లా ఏమిటంటే, జవాబు వచ్చినప్పుడల్లా కంప్యూటర్ "టిక్" మంటుంది. గదిలో అందరికీ ఆ టిక్కులతో తల వాచిపోయింది. నిశ్శబ్దంగా నడిచేదాన్ని ఎందుకు పాడుచేశావని గ్లెనిస్ ఎన్నిసార్లు అడిగినా, చప్పుడు కావాలి అనేవాడే తప్ప ఇంకో ముక్క చెప్పేవాడు కాదు.

వసంతం వచ్చింది, గడువు దాటింది. సంఘం పెద్ద లెన్ హాడో ఫోన్ చేసి, సోమవారానికి పేజీ చూపించకపోతే పని మెల్‌బోర్న్ వాళ్ళకి ఇచ్చేస్తామన్నాడు. అది పోతే ఆ గదికి తాళం వేసుకోవడమే. గ్లెనిస్ తనే కూర్చుని మామూలు పేజీ ఒకటి తయారుచేసింది, తెల్లబడే రకం. ఆల్బన్‌కి చెప్పేసింది కూడా: "ఇదే ఇచ్చేస్తా. ఆ తర్వాత నువ్వు వేరే పని చూసుకో."

ఆల్బన్ తన పేజీని ఇంకో డిస్కులోకి ఎక్కించుకున్నాడు. సోమవారం టై కట్టుకుని ఆమెతోపాటు చిన్న విమానం ఎక్కాడు.

లెన్ వాళ్ళని వెర్నా కెటిల్‌వెల్ ఇంట్లో దింపి తన పని మీద పోయాడు. ఎనభై దాటిన వెర్నా సంఘంలో అందరికంటే పెద్దది. ఆమె నొక్కగలిగితే దీవిలో ఎవరైనా నొక్కగలరని అతని లెక్క. లెన్ బండి మలుపు తిరిగేదాకా వెర్నా కిటికీ దగ్గరే నిలబడింది. తర్వాత సొరుగులోంచి పెద్ద భూతద్దం తీసి బల్ల మీది కంప్యూటర్ తెరకు ఆనించింది.

గ్లెనిస్ తన పేజీ పెట్టింది. వెర్నా అద్దాన్ని జరుపుకుంటూ సరుకుల జాబితాలో పిండి దగ్గరికి చేరి నొక్కింది. తెర తెల్లబడింది. చాలాసేపటికి పేజీ మళ్ళీ మొదటినుంచి వచ్చింది. పిండి ఎక్కడుందో ఆమె మళ్ళీ వెతుక్కుంది. టీ ఆకుకీ అంతే. మూడోసారి అద్దం బల్ల మీద పెట్టేసింది.

"పోనీలే అమ్మాయ్. బానే చేశావు. కారులో వెళ్ళి తెచ్చుకుంటా."

గ్లెనిస్ తన డిస్కు తీసేసింది. ఆల్బన్ ముందుకు వంగి తన పేజీ పెట్టాడు. వెర్నా పిండి దగ్గర నొక్కింది. అద్దం కింద పిండి అలాగే ఉంది. "టిక్" మంది. అప్పుడామె అద్దాన్ని వేలెడు పక్కకి జరిపి, "ఉంది" అని చదివింది. టీ ఆకు. టిక్. సబ్బు. టిక్. మొహం వెలిగిపోయింది.

"ఇతను చలికాలంలో నా ఇంట్లోనే దిగాడు," అంది గ్లెనిస్‌తో. "బొమ్మల పేజీ చూపించాడు. జవాబు ఎప్పుడొచ్చిందో నాకు కనపడి చస్తేగా? నా చూపు సంగతి ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా. తెలిస్తే లైసెన్సు లాక్కుంటారు. సరే, ఎవరి సాయం లేకుండా సరుకులు తెప్పించుకునేలా చేస్తే కారు మానేస్తావా అన్నాడు. మానేస్తానన్నాను, ఎలాగూ చెయ్యలేడులే అనుకుని."

గ్లెనిస్ ఆల్బన్ వైపు చూసింది. ఆయన సబ్బు దగ్గరున్న అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చేయాలేమో అని పరిశీలిస్తున్నాడు.

"నాకొక్కదానికైనా చెప్పాల్సింది," అందామె.

"ఒట్టు వేశానుగా," అన్నాడు.

గ్లెనిస్ తన పేజీ ఉన్న డిస్కును చేతిసంచి అడుగుకు తోసేసింది. విమానం వేళవుతోంది. వెర్నా కొక్కేనికున్న కారు తాళాలు తీసి కాసేపు గుప్పిట్లో ఉంచుకుని, చివరికి గ్లెనిస్ చేతిలో పెట్టింది. విమానం దగ్గరికి వచ్చే లెన్ తనని వెనక్కి దింపుతాడంటూ తనూ వచ్చి ముందు సీట్లో కూర్చుంది. దారి పొడవునా మలుపులన్నీ కళ్ళు మూసుకునే చెప్పింది.

"అమ్మాయ్," అంది సగం దూరంలో, "నువ్వింత మెల్లగా నడిపితే లైసెన్సు లాక్కోవాల్సింది నీది."