లైటమ్మ ఇంటి నాలుగు వందల పన్నెండు పెండ్లిళ్ళు

పేరు శ్రీమతి ఎలిశిబా. భర్త కీర్తిశేషులు ఆశీర్వాదం. వయస్సు నలభై ఏడు సంవత్సరాలు. నివాసం మెదక్ పట్టణం, మా వీధిలోనే, మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల. నేను ఆమెను ఇరవై ఒక్క సంవత్సరాలుగా ఎరుగుదును. పట్టణ గ్రంథాలయ కార్యవర్గం వారికి ఒక మనవి చేసుకొనుటకు ముందు, ఆమె ఎవరో, ఆమె ఇంట ఏమున్నదో తెలియపరచుట ఉచితమని భావించి వ్రాస్తున్నాను. ముప్పై మూడేళ్ళు కచేరీలో నకలు గుమాస్తాగా ఉత్తరాలు వ్రాసి విరమించినవాడను. కన్నదానిని కన్నట్లు, విన్నదానిని విన్నట్లు మాత్రమే వ్రాయడం నాకు అలవాటు.

పంతొమ్మిది వందల తొంబై ఒకటిలో ఆశీర్వాదం టాకీసులో రీళ్ళు తిప్పేవాడు. విదేశీ వస్తువులు బజారులోకి ధారాళంగా రావడం అప్పుడే మొదలైనది. ఒకనాడు భార్యను వెంటబెట్టుకొని మా అరుగు మీదికి వచ్చి, వీడియో కెమెరా కొనుటకు బ్యాంకు వారికి దరఖాస్తు వ్రాయమని కోరినాడు. వ్రాసినాను, మంజూరైనది. నాటి నుండి రెండు వేల ఎనిమిది వరకు మెదక్, శివ్వంపేట, నర్సాపూర్ చుట్టుపట్ల ఆయన తీసిన పెండ్లిళ్ళు నాలుగు వందల పన్నెండు.

కెమెరా ఆయన భుజాన ఉండేది. వేయి వాట్ల దీపం ఎలిశిబా గారి చేతిలో ఉండేది. పురుగులు ముసిరినా, వేడికి వేళ్ళు కాలినా ఆ చేయి దించరాదు. దించితే తలంబ్రాలు చీకటిలో పడతాయి. పెండ్లివారు ఆమె పేరు అడిగేవారు కారు. “ఓ లైటమ్మా! జర పిల్ల మొఖం మీద కొట్టు. అయ్యగారి బోడగుండు మీద కొడుతున్నవేంది?” అని కేకలు వేసేవారు. ఆమె నవ్వి దీపం తిప్పేది. ఇప్పటికీ పట్టణంలో ఎలిశిబా ఇల్లెక్కడ అంటే చెప్పేవారు తక్కువ, లైటమ్మ ఇల్లంటే దారి చూపనివారు లేరు.

ఆశీర్వాదానికి ఒక కట్టుబాటు ఉండేది. పెండ్లివారికి నకలు ఇచ్చి, అసలు క్యాసెట్టును వరుస సంఖ్య వేసి తన ఇంట భద్రపరచేవాడు. తమ క్యాసెట్టును బంధువులకిచ్చి పోగొట్టుకున్నవారు, దాని మీద టీవీ సీరియల్ రికార్డు చేసి చెరిపివేసుకున్నవారు ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన రెండు వేల ఎనిమిదిలో క్షయ వ్యాధితో మరణించిన తరువాత ఆ పనిని ఎలిశిబా గారే కొనసాగించారు. శివ్వంపేట దుర్గమ్మ అనే ఆమె ఏటేటా వచ్చి, చనిపోయిన కూతురి పెండ్లిని అక్కడే కూర్చొని చూసి, పైట చెంగుతో మొఖం తుడుచుకొని పోవడం నేను స్వయంగా చూచినాను.

గత సంవత్సరం వానలకు క్యాసెట్లకు బూజు పట్టినది. తెరచి చూస్తే పంతొమ్మిది అప్పటికే తెగిపోయినవి. మిగిలినవి ఇంకొక వానకాలం ఆగవని ఆమెకు అర్థమైనది. వాటన్నింటినీ కంప్యూటరులోకి ఎక్కించుట ఆమె నేర్చుకొన్నారు గాని, ఎక్కించినది నిలువ చేయడానికి కంప్యూటరులో చోటు చాలదు. గంట బొమ్మకు రెండు జీబీలు చొప్పున ఆమె లెక్క కట్టి, సికింద్రాబాదు కంప్యూటర్ బజారులోని ఒక దుకాణానికి ఫోను చేసి ధర కనుక్కొన్నారు. బయలుదేరుదామనుకొనే లోపల ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చినది. నలభై రెండు రోజుల ఆ సమ్మెలో దాదాపు నాలుగు వారాలు బస్సులు లేవు. సమ్మె ముగిసి మరల ఫోను చేసేసరికి ధర దాదాపు రెట్టింపైనది.

అందువలన పొదుపు సంఘానికి అప్పు దరఖాస్తు వ్రాయించుకొనుటకు ఆమె మా ఇంటికి వచ్చినారు. నేను ఊరిలో లేను. చీటీ ఒకటి వ్రాసి నా బల్ల మీద పెట్టిపోయినారు. అందులో ఉన్నది ఉన్నట్లు వ్రాస్తున్నాను: “సారూ, టీబీ రెండు. ఇంట్లనే పెట్టుకునేతందుకు. జల్ది కావాలె. దరఖాస్తు రాసి పెట్టుండ్రి.”

భర్తను తీసుకొనిపోయిన రోగమే ఆ ఇంట మిగిలిన ఇద్దరికీ, ఆమెకూ ఆమె ముసలి అత్తగారికీ, సోకినదని గ్రహించినాను. ఇటువంటి సంగతి మరల అడిగి ఆమెను బాధపెట్టుట ధర్మం కాదనిపించినది. పొట్టి అక్షరాలు పై అధికారులకు పంపరాదని కచేరీలో మాకు నియమం. కాబట్టి టీబీ అన్నదానిని విప్పి, “ఇద్దరు క్షయ రోగులను ఇంటిలోనే ఉంచి చికిత్స చేయుటకు అత్యవసరముగా తగు ఏర్పాట్లు గావించగలరు” అని శుభ్రంగా వ్రాసి, ఆసుపత్రి వారికి స్వయంగా అందజేసినాను.

మూడవ నాడు ఉదయం పరమేశ్ అనే ఆరోగ్య కార్యకర్త మా ఇంటికి వచ్చి దారి అడిగినాడు. నేనే వెంట తీసుకొనిపోయినాను. అతడు ఎలిశిబా గారి వాకిట నిలబడి సంచిలో నుండి రెండు ప్లాస్టిక్ డబ్బీలు తీసి, “అక్కా, పేషెంట్లు ఎవలెవలు? పొద్దుగాల లేవంగనే వీటిల తెమడ పట్టి ఇయ్యాలె,” అన్నాడు.

ఆమె చేతిలోని చేట క్రింద పెట్టి, “ఎవల తెమడ?” అన్నారు.

లోపల చాప మీద నుండి అత్తగారు రాహేలమ్మ గొంతు వినిపించింది. “ఎవలే వచ్చింది? ఏమమ్ముతుండు?”

“అమ్ముతలేడు అత్తమ్మా. తెమడ అడుగుతుండు.”

“నా తాన మస్తున్నది. కిలోకెంత ఇస్తడో అడుగు!”

పరమేశ్ తెల్లబోయి నా ఉత్తరాన్ని తీసి చూపినాడు. ఎలిశిబా గారు దానిని చివరిదాకా చదివి నా వైపు తిరిగి, “సారూ! నేను రాసింది రోగం గాదు. హార్డ్ డిస్కు. రెండు టీబీల హార్డ్ డిస్కు. దాంట్ల ఎంత బొమ్మ పడ్తదో చెప్పే కొలత గది,” అన్నారు. ఆమె నవ్వడం మొదలుపెట్టినారు. భర్త పోయిన తరువాత ఆమె అంతగా నవ్వడం నేను చూడలేదు. నవ్వుతూనే, “మా ఆయన్ని తీసుకపోయింది టీబీనే, ఇగ దాచిపెట్టేది గూడ టీబీనేనా సారూ!” అని మొఖం పక్కకు తిప్పుకొన్నారు. దాచిపెట్టడమేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఈలోగా పరమేశ్ గోడ పొడవునా ఉన్న క్యాసెట్లను చూస్తున్నాడు. “అక్కా, మా అక్క పెండ్లి గిట్ల ఉన్నదా? తొంబై ఆరు. మనోహరాబాద్ల అయింది,” అన్నాడు. ఆమె వరుస సంఖ్యల పుస్తకం చూడకుండానే నూట ముప్పై ఒకటవ క్యాసెట్టు తీసి, మూత విప్పి, మెత్తని గుడ్డతో తుడిచి వీసీఆరులో పెట్టినారు.

తెర మీద బంతి భోజనాలు. కొత్త ధోవతి కట్టిన ఒక పెద్దమనిషి వడ్డించేవాణ్ణి గదుముతున్నాడు: “అరే, బంతి లేవకముందే బకిట్ ఏడికి కొంటవోతున్నవ్? గా మూలకు అన్నం మల్ల వెయ్!” పరమేశ్ చేతిలో డబ్బీలు అట్లాగే ఉండిపోయినవి. “మా బాపు,” అన్నాడు. “పోయి తొమ్మిదేండ్లయింది. గొంతు మర్చిపోయిన అనుకున్న.”

అప్పుడే కెమెరా వెనుక నుండి మరొక గొంతు వినిపించింది, పెండ్లికూతురి తల్లిని పిలుస్తూ: “అమ్మా, జర ఇటు చూడు.”

చాప మీద రాహేలమ్మ తల ఎత్తి, “ఆఁ బిడ్డా, చూస్తున్న,” అన్నది.

రాహేలమ్మకు రెండు కండ్లూ పోయి ఆరేళ్ళు. పెండ్లి ఎవరిదో ఆమెకు అక్కరలేదు. ప్రతి క్యాసెట్టులోనూ ఆశీర్వాదం పది మారులైనా “అమ్మా, ఇటు చూడు” అంటాడు. ప్రతి మారూ తల్లి పలుకుతుంది. పదిహేడేళ్ళు ఇతరుల బొమ్మలు తీసినవాడు ఒక్క క్యాసెట్టులోనూ కనపడడు. ఉన్నది ఆ గొంతు ఒక్కటే. బూజు తింటున్నది దానినే. ఎలిశిబా గారు దాచిపెట్టడమన్నది దేనినో నాకు అప్పుడు బోధపడినది.

నా పొరపాటుకు ప్రాయశ్చిత్తంగా, డిస్కు కొనే నాడు ఆమెకు తోడుగా సికింద్రాబాదుకు నేనూ బయలుదేరినాను. ఆమె అప్పు సంగతి మానుకొన్నారు. కెమెరా అమ్మివేసినారు. “దాంతోని పనేమున్నది సారూ, తీసేటాయన లేకపాయె,” అన్నారు.

దుకాణదారు శ్రీకాంత్ మూడు డిస్కులు బల్ల మీద పెట్టినాడు.

“సమ్మెకు ముందల ఫోన్ల ఐదు వేలంటివి గద తమ్మీ,” అన్నారు ఆమె.

“అప్పుడే రావాలె అక్కా. థాయిలాండుల వరదలొచ్చి ఫ్యాక్టరీలు మునిగినయి. ఇప్పుడు తొమ్మిది వేలు.”

“ఎట్లొస్త? బస్సులే లేకపాయె. మా రోడ్డు మీదనే వంటావార్పు పెట్టిరి, నేను గూడ పొయ్యి ముట్టించిన. ఇప్పుడేమో వాన ఆడ కొడితే నేను ఈడ తడుస్తున్న!”

అతడు నవ్వి, అరచేతిలో పట్టే చిన్నదానిని ముందుకు తోసినాడు. అది ప్లగ్గు లేకుండా కంప్యూటరు కరెంటుతోనే నడుస్తుంది. కాని అందులో పట్టేది కావలసినదానిలో సగమే. రెండవది రెండు టీబీలది, సగం ధరకే వస్తుంది; ఇదివరకు ఎవరో వాడినదానిని బాగు చేసినది. మూడవది కూడా రెండు టీబీలది, కొత్తది, దానికి వేరే ప్లగ్గు కావాలి. నేనైతే ధర చూసి రెండవదానిని తీసుకొనేవాడను. ఎలిశిబా గారు దానిని నడిపించమని చెప్పి, చెవి ఆనించి కండ్లు మూసుకొన్నారు. పదిహేడేళ్ళు వీసీఆరులు విప్పి తుడిచిన మనిషి ఆమె.

“ఇది టక్కు టక్కుమంటున్నది తమ్మీ. హెడ్డు పోయే వీసీఆర్ గిట్లనే అంటది. దీని మాట వద్దు.”

శ్రీకాంత్ ఆ డిస్కును లోపల పెట్టినాడు. కొత్తదానిని కట్టి ఇస్తూ, “అక్కా, ఒక మాట చెప్తున్న, వ్యాపారం కోసం గాదు. ఒక్కదాంట్ల పెడితే పెట్టినట్టు గాదు. గిది కింద పడ్డదనుకో, అన్ని పెండ్లిళ్ళు ఒక్కసారే పోతయి. ఇంకోటి గావాలె, అదీ వేరే ఇంట్ల,” అన్నాడు. ఆమె చేతిలోని పెట్టెను గుండెకు దగ్గరగా జరుపుకొన్నారు. ఆ మాటలోని న్యాయం నాకు వెంటనే తెలిసినది. ఏ ఉత్తరానికైనా కార్యాలయ ప్రతి ఉండాలని, అది వేరే గదిలోని బీరువాలో ఉండాలని ముప్పై మూడేళ్ళు పాటించినవాడను.

డిసెంబరు నుండి ఆమె పగటి పూట కరెంటు ఉన్న గంటలలో క్యాసెట్లను ఎక్కిస్తున్నారు. రెండు గంటల పెండ్లి ఎక్కడానికి రెండు గంటలూ పడుతుంది. కరెంటు నడుమ పోతే మొదటి నుండి మరల. దగ్గర కూర్చొని రాహేలమ్మ పలుకుతూ ఉంటుంది. ఈ ఉత్తరం వ్రాసే నాటికి మిగిలిన మూడు వందల తొంబై మూడింటిలో రెండు వందల ఎనబై ఏడు పూర్తి అయినవి. పరమేశ్ తన అక్కతో, మరికొన్ని కుటుంబాలతో మాట్లాడి, అటువంటిదే రెండవ డిస్కు కొని తెచ్చి ఆమె చేతికిచ్చినాడు. దానిని మా ఇంట ఉంచుదామంటే మా కప్పు కురుస్తుంది. పరమేశ్ ఉండేది కిరాయి ఇల్లు, ఏటేటా మారుతుంది.

కావున పట్టణ గ్రంథాలయ కార్యవర్గం వారికి సవినయంగా విన్నవించుకొనేది ఏమనగా: తమ పఠన మందిరంలోని ఉక్కు బీరువాలో, తడి తగలని పై అరలో, పై చెప్పిన రెండవ డిస్కును ఉంచుటకు జానెడు చోటు దయచేయించగలరు. దానిని శ్రీమతి ఎలిశిబా గారి పేర తమ రిజిస్టరులో నమోదు చేయించి, అది చెడకుండా నడుస్తున్నదో లేదో ఆరు నెలలకొకమారు ఆమె స్వయంగా వచ్చి తమ సిబ్బంది ఎదుట చూసుకొనుటకు అనుమతి ఇప్పించగలరు. ఆమెకు నడవలేని వయస్సు వచ్చిన నాడు సైతం ఆ డిస్కును చెత్తగా తీసివేయక, ఆయా కుటుంబాల వారు అడిగినప్పుడు నకలు ఇచ్చే ఏర్పాటు ఉంచగలరు. జూన్ మాసంలో వానలు మొదలు కాకముందే తమ ఉత్తర్వు దయచేయవలెనని, ఆమె తరఫున, రాహేలమ్మ తరఫున ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
వీరయ్య,
విశ్రాంత నకలు గుమాస్తా, మెదక్.
మార్చి 19, 2012.