నాన్న తుపాకీకి నలుపు

మా ఇంట్లో ఇనప బీరువాకి రెండు అరలు. ఒకదాంట్లో అమ్మ పట్టుచీరలు, రెండోదాంట్లో నాన్న తుపాకీ. ఏది బయటికి తీసినా అమ్మది ఒకటే మాట: "జర పైలం, గీతలు పడ్తయ్."

నాన్న చందానగర్‌లో ఒక బంగారం దుకాణం ముందు గన్‌మ్యాన్. తుపాకీ దుకాణం వాళ్లది కాదు, నాన్నదే. లైసెన్సు కూడా ఆయన పేరు మీదే. రెండు గొట్టాలు, గోధుమరంగు కర్ర, భుజానికి తగిలించుకునే వెలిసిపోయిన పటకా. నాన్న సైన్యం నుంచి రిటైరై వచ్చాడని తెలిస్తే అందరూ సరిహద్దు కథలు అడుగుతారు. ఆయన అక్కడ వంటవాడు. ఆ సంగతి మాకూ, ఆయన పెట్టే తాలింపుకూ తప్ప ఎవరికీ తెలియదు.

తుపాకీ గురించి నాన్నకు ఒక సిద్ధాంతం ఉండేది. "పేల్చెతందుకు కాదు బిడ్డా, చూపెట్టెతందుకు. చూస్తెనే దొంగ ఎనుకకు మల్లాలె."

హైటెక్ సిటీలో నాకు సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఉద్యోగం వచ్చినప్పుడు ఒక పెప్పర్ స్ప్రే కొనుక్కున్నాను. గులాబీరంగు, లిప్‌స్టిక్ అంత ఉంటుంది. నాన్న దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"దీన్ని చూసి ఎవడు భయపడ్తడు? ఏ పెండ్లికి పోతున్నవమ్మా అని అడుగుతడు."

"కనపడొద్దనే కొన్న నాన్నా."

"కనపడని దానికి ఎవడన్న భయపడ్తడా?"

"దయ్యానికి భయపడ్తలేరా?" అంది అమ్మ వంటింట్లోంచి.

నా బాధ వేరు. లిఫ్టులో నలుగురుంటే తర్వాతి దానికోసం ఆగే మనిషిని నేను. నా బ్యాగు వైపు కూడా ఎవరూ చూడకూడదు. చూపించి బెదిరించాలంటే ముందు ఎదుటివాడి కళ్లలోకి చూడాలి కదా, అది నావల్ల కాదు. నాన్న ముందు నోరు పెగలని జవాబులన్నీ డైరీలో రాసుకునేదాన్ని. అక్కడ ప్రతిసారీ నేనే గెలిచేదాన్ని.

ఈ వాదన అలా సాగుతుండగానే దుకాణానికి కొత్త మేనేజర్ వచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన కుర్ర మేనేజర్. అందరితో మర్యాదగా మాట్లాడతాడు, ఉద్యోగం తీసేసేటప్పుడు కూడా. అక్షయ తృతీయకు దుకాణంలో పై అంతస్తు తెరుస్తున్నారు. తెల్లాపూర్ విల్లాల నుంచి కూడా జనం వస్తారని వాళ్ల ఆశ.

ఆ రోజు నాన్న ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా కూర్చున్నాడు. మేనేజర్ ఏమన్నాడో అతని గొంతులోనే చెప్పాడు. "బాబాయ్ గారూ, మీ తుపాకీ చూస్తే కుందేళ్ల వేటకి వెళ్తున్నట్టుందండి. సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లయితే నల్ల డ్రెస్సూ నల్ల తుపాకీతో మనిషిని పంపుతారట. పండగ రోజు చూసి ఏ సంగతీ చెబుతానండి."

"మరి కొత్తది కొనరాదు?" అంది అమ్మ.

"కొంటె అయితదా? లైసెన్సుల ఎక్కియ్యాలె, దఫ్తరుల చుట్టు తిరగాలె. అప్పటిదాంక నా జాగల ఇంకొకడు నిలబడ్తడు."

ఆ రాత్రి ఆయన అన్నం సగంలోనే వదిలేశాడు. తను వండిన పప్పును నాన్న వదిలేయడం అంతకుముందు నేను చూడలేదు.

పండగ ముందురోజు నాన్న దారి కనిపెట్టాడు. తూటాల డబ్బా అమ్మ చేతికిచ్చి తాళం వేయించాడు. గొట్టాలు విడదీసి పక్కన పెట్టాడు. కర్రను ఒళ్లో పడుకోబెట్టుకుని నల్ల బూట్ పాలిష్ పూయడం మొదలుపెట్టాడు. సైన్యంలో బూట్లు మెరిపించిన చేయి కదా, కర్ర కాటుక పెట్టుకున్నట్టయింది. అంతటితో ఆగలేదు. అద్దంలో చూసుకుని, తుపాకీ పక్కన మీసం తెల్లగా తేలిపోతోందని దానికి కూడా రంగు వేశాడు.

"ఇద్దరికి ఒక్కటే డబ్బనా?" అని అడిగింది అమ్మ.

"మీసానికి వేరే," అన్నాడు నాన్న గంభీరంగా.

మర్నాడు నాకు సెలవు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లాను. ఎండ మాడ్చేస్తోంది. రోడ్డుకు ఇవతలి నుంచే దుకాణం గుమ్మం కనిపించింది. అక్కడ నల్ల తుపాకీతో, నల్ల మీసంతో ఎవరో భయంకరమైన మనిషి నిలబడి ఉన్నాడు. అయిపోయింది, ఏజెన్సీ మనిషిని పెట్టేశారు. నాన్నను పంపేశారు. ఎక్కడ కూర్చున్నాడో, టీకొట్టు దగ్గరేమో అని అటూ ఇటూ వెతికాను. చివరికి అడుగుదామని ధైర్యం చేసి దగ్గరికి వెళ్తే ఆ మనిషి వంగి మెల్లగా అన్నాడు:

"ఏం కూర చేసింది మీ అమ్మ?"

కన్నకూతురే గుర్తుపట్టలేదని చెబితే నాన్న మురిసిపోయాడు. "చూసినవా? నిన్నే భయపెట్టిన!"

అప్పుడే ఒక కుటుంబం ఆటో దిగింది. ముందు నడుస్తున్న ముసలమ్మ నాన్నను చూసి మెట్టు మీదే ఆగింది.

"ఏమైంది కొడుకా? లోపల దొంగలు గిట్ల పడ్డరా?"

"ఏం కాలేదవ్వా, రా!" అన్నాడు నాన్న. ఆ మీసంలోంచి ఆ మాట బెదిరింపులా వచ్చింది. అవ్వ కోడలి చేయి పట్టుకుని వెనక్కి లాగింది. "వద్దు బిడ్డా, ఏదో లొల్లి అయినట్టున్నది. ఎదురుంగ దుకాణంల కొందాం." అందరూ రోడ్డు దాటేశారు. దొంగ కోసం దాచిపెట్టిన భయమంతా పుస్తెలతాడు కొనడానికొచ్చిన అవ్వ పాలైంది.

అద్దం వెనక మేనేజర్ అంతా చూస్తున్నాడు. విసురుగా బయటికి వచ్చాడు. రాగానే తన అరచేయి చూసుకున్నాడు. నల్లగా ఉంది. ఎండకు పాలిష్ కరిగి కర్ర మీంచి నాన్న చేతికీ, చేతి మీంచి తలుపు పిడికీ ఎక్కింది. పొద్దుటి నుంచి వచ్చిన వాళ్లంతా ఆ పిడి పట్టుకునే లోపలికి వెళ్లారు. తొంగి చూశాను. నగల ట్రేల ఎర్ర మఖమల్ మీద వేలిముద్రలు. అద్దం ముందు హారం పెట్టుకుని చూసుకుంటున్న ఒకామె మెడ మీద దిష్టిచుక్క.

"బాబాయ్ గారూ, ఏంటండీ ఇది!"

నాన్న చేత్తో చెమట తుడుచుకున్నాడు. చెంప మీద నల్లటి చార. అంత భయంకరమైన మనిషి ఒక్క నిమిషంలో వంటగదిలో పాలు పొంగిపోనిచ్చిన వాడిలా అయిపోయాడు. అది చూసి తట్టుకోలేకపోయాను. ఆ మాట అన్నది నేనేనని ఇప్పటికీ నమ్మకం కలగదు.

"మీరే కదండీ, నల్లగా ఉండాలన్నారు?"

మేనేజర్ నన్ను చూశాడు, తన చేయి చూసుకున్నాడు, ఎదురు దుకాణం వైపు చూశాడు. "ముందు అది తుడిచేయండమ్మా," అన్నాడు నీరసంగా.

పక్క కిరాణాలో కొబ్బరినూనె కొని, దుకాణం వెనక కూర్చుని నా చున్నీతో తుడిచాను. నలుపు పోతుంటే కింద నుంచి పాత గోధుమరంగు తేనెలా మెరుస్తూ వచ్చింది. నాన్న కుళాయి కింద చెంప కడుక్కుని మళ్లీ గుమ్మంలో నిలబడ్డాడు. కాసేపటికి అవ్వ కుటుంబం వెనక్కి వచ్చింది, ఎదురు దుకాణంలో నిలబడే చోటు కూడా లేదట. అవ్వ నాన్నను కిందికీ మీదికీ చూసింది.

"ఇగో, ఇప్పుడు మంచిగున్నవ్. ఇందాకటాయన ఏడి?"

"డ్యూటి అయిపోయిందవ్వా," అన్నాడు నాన్న.

అవ్వ నవ్వుకుంటూ లోపలికి వెళ్లింది. సాయంత్రం మేనేజర్ చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి, ఏజెన్సీకి వద్దని చెప్పేశానన్నాడు. "అయితే బాబాయ్ గారూ, ఆ మీసం కూడా కాస్త..."

"అది పోదు సార్. పెరిగేదాంక గంతే."

ఇంటికి షేర్ ఆటోలో వచ్చాం. తుపాకీ కవర్లో ఉంది. ఎవరైనా వీణ అనుకోవచ్చు. అయినా నా పక్కన కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నతను నాన్న మీసం చూసి, కాళ్లు దగ్గరికి తీసుకుని మర్యాదగా జరిగాడు. రోజూ ఒక చివర అంటుకుని వేలాడే నేను ఆ రోజు వెనక్కి ఆనుకుని కూర్చున్నాను.

రాత్రి భోజనాల దగ్గర నాన్న నా గులాబీ స్ప్రే తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఇది మంచిగనే ఉన్నది. అవ్వలు భయపడరు."

నేను అప్పటికే ఫోనులో పెద్దది ఆర్డర్ పెట్టేశాను. నల్ల డబ్బా, దాని మీద ఎర్రటి పుర్రె. అది బ్యాగుకు తగిలించుకుని ఆఫీసుకు వెళ్లిన రోజు, నలుగురున్న లిఫ్టు వచ్చినా ఆగకుండా ఎక్కేశాను. నలుగురూ ఒక మూలకి జరిగారు.