ఆవుకి ముందు గుమ్మం

ఏళ్ల తరబడి నా గుండె మీద ఒక పాలక్యాను కూర్చుని ఉంది. ఖాళీదే. అయినా ఏనుగంత బరువు. డాక్టరు గ్యాసు అన్నాడు. ఈ బ్రూక్‌ఫీల్డ్ అపార్టుమెంట్లలో డబ్బున్నవాడి పాపాన్ని అలాగే పిలుస్తారు. నా పేరుతో మీకు పని లేదు. చేసిన పని వినండి.

హెబ్బగోడి దగ్గర మాకో చేను ఉండేది. రాళ్లు తప్ప ఏమీ పండేది కాదు. ఆ రాళ్లు కూడా వానలు బాగా పడిన ఏడే నిండుగా పండేవి. ఎలక్ట్రానిక్ సిటీ ఒళ్లు విరుచుకుని దాని పక్కదాకా వచ్చేసరికి, నేను దాన్ని అమ్మి రాత్రికి రాత్రే శ్రీమంతుణ్ణయ్యాను. అక్క వాటా అడగలేదు. అమ్మ పోయాక, ఇంటింటికీ పాలు పోసి నన్ను పెంచింది ఆవిడే.

కొన్న ఫ్లాటు ఎంతదంటే, హాల్లో ఈ మూల నుంచి పిలిస్తే ఆ మూలకి మాట చేరేలోపు కాఫీ చల్లారేది. గృహప్రవేశం నాడు పాలు పొంగించాల్సింది ఆడపడుచు కదా. అక్క తన ఆవు పాలు పితికి, క్యాను పట్టుకుని బస్సుల్లో వచ్చింది. కింద పాలరాతి లాబీలో అప్పటికే మా ఆవిడ తెప్పించిన అద్దె ఆవు నిలబడి ఉంది. పట్టుశాలువా, కాళ్లకి గజ్జెలు. దాని పక్కన అపార్టుమెంటు సంఘం అధ్యక్షురాలు ఫోటోలు దిగుతోంది. అక్కని చూసింది. క్యాను చూసింది.

"కొత్త మెయిడా అండీ?" అని నన్నడిగింది.

"అవునండీ" అన్నాను.

ఎందుకన్నాను? డబ్బొస్తే భయం పోతుందంటారు. నాకు డబ్బుతోపాటే వచ్చింది. ఆ మనిషి నా ఫ్లాటు లాక్కోదు, మహా అయితే కనుబొమ్మ వెంట్రుకవాసి ఎత్తుతుంది. ఆ వెంట్రుకవాసి కోసం, నన్ను చంకనెత్తుకుని పెంచిన మనిషిని, చేను కన్నా తొందరగా, బేరం కూడా ఆడకుండా అమ్మేశాను.

వాచ్‌మన్ అక్కకి పనివాళ్ల లిఫ్టు చూపించాడు. చెత్తబుట్టలతో పాటు పైకి వెళ్లింది. లాబీలో ఆవు పేడ వేసింది. అందరూ శుభం అన్నారు.

పాలు పొయ్యి మీద పెట్టి, నా వైపు తిరగకుండానే అక్క అడిగింది.

"పనిమనిషి పొంగిస్తే పాలు పొంగుతాయా అప్పా?"

"ఊరికే అన్నాలే అక్కా. వాళ్లు అట్లాంటోళ్లు."

"వాళ్లతో నాకేం పని? నువ్వెట్లాంటోడివో చూస్తా ఉండా."

పాలు పొంగాయి. బాగానే పొంగాయి. మేం పెట్టిన చీర అక్క ముట్టుకోలేదు. క్యాను వదిలేసి, అదే వెనక లిఫ్టులో దిగి వెళ్లిపోయింది. మళ్లీ ఈ గడప తొక్కలేదు. ఫోను చేస్తే పనుండాదప్పా అంటుంది.

మొన్న అధ్యక్షురాలు ఆనాటి ఫోటోలు చూస్తూ అడిగింది, ఆ మెయిడ్ ఇప్పుడు కనిపించడం లేదేమని. మానేసిందన్నాను. చూశారా? ఇన్నేళ్లు కుమిలి నేను నేర్చుకున్నది అది.

మీరు క్షమించనక్కర్లేదు. మీ దగ్గర ఆ సరుకు ఉందని నేననుకోను కూడా. ఆ లాబీలో గొంతులో ఆగిపోయిన ముక్కని ఇక్కడ దించుకుంటున్నాను, అంతే.

ఆవిడ మా అక్క.