నీళ్ళలో కేకలు

పిల్లలకు ఈత నేర్పే ఆవిడను అందరూ ఈలత్త అంటారు. మెడలో ఈల ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది గానీ, ఆ గొంతుండగా దానితో పనేముంది! ఆవిడ "కాళ్ళాడించండర్రా!" అని ఒక్క కేక వేస్తే ఈత రాని పెద్దవాళ్ళు కూడా ఉలిక్కిపడి కాళ్ళాడిస్తారు.

ఒకరోజు సాయంత్రం ఆవిడ దగ్గరికి చేపపిల్ల మళ్ళీ వచ్చింది. ఎనిమిదేళ్ళ ఆ పాప నీళ్ళు చూస్తే ఆగేది కాదు, అందుకే ఆ పేరు. రోజూ తువ్వాలు భుజాన వేసుకుని వెంట వచ్చే తాతయ్య గుండెపోటుతో పోయాక, ఇదే మొదటిసారి రావడం. ఈసారి అమ్మ తీసుకొచ్చింది.

అమ్మ ఈలత్తను పక్కకు పిలిచింది. "మా నాన్న మాట ఎత్తకండక్కా. ఇంట్లో మేమెవరం ఎత్తట్లేదు. గుర్తొస్తే ఏడుస్తుంది."

"ఏడిస్తే ఏడవనీ తల్లీ. ఇక్కడ నీళ్ళకేమైనా కొదవా?"

అమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

ఈలత్తకు చిన్నతనంలోనే తమ్ముడు పోయాడు. "పెద్దదానివి, నువ్వేడవకూడదు" అన్నవాళ్ళే అంతా. అప్పుడామె పెరట్లో నీళ్ళతొట్టిలో మొహం ముంచి, ఊపిరి అయిపోయేదాకా అరిచేది. నీళ్ళతో ఆమె చుట్టరికం అలా మొదలైంది.

చేపపిల్ల ఈతకొలను గట్టు మీద ముడుచుకుని కూర్చుంది. ఈలత్త వెళ్ళి పక్కనే చతికిలబడింది.

"తాతయ్య చనిపోయారటగా. నాకూ దిగులుగానే ఉందే."

పాప చటుక్కున తలెత్తింది. ఇన్నాళ్ళకు ఆ మాట ఒకరు పైకి అన్నారు!

"నాకు ఇక్కడ ఏదో అడ్డం పడ్డట్టుంటుంది అత్తా" అని గొంతు పట్టుకుని చూపించింది.

"అది కేకేమో. నీళ్ళలో వదిలేద్దామా?"

లోతు లేని వైపు ఇద్దరూ దిగారు. పాప మొహం ముంచి అరిచింది. బుడబుడా బుడగలు లేచాయి. "ఇంకా గట్టిగా!" అంది ఈలత్త. మళ్ళీ అరిచింది. మూడోసారి ఊపిరాడక తల పైకెత్తేసరికి సగం కేక బయటే వినబడింది. "ఎందుకెళ్ళిపోయావ్ తాతయ్యా!"

వెక్కివెక్కి ఏడ్చింది. ఈలత్త కదలకుండా పట్టుకుంది. ముక్కులోంచి ఒక బుడగ పుట్టి టప్పున పేలేసరికి ఆ ఏడుపులోనే పాపకు నవ్వొచ్చింది.

"మేమూ అరుస్తాం! మేమూ!" మిగతా పిల్లలంతా ఎగబడ్డారు. "మా కుక్క చచ్చిపోయింది" అన్నాడొకడు. "నాకే కష్టమూ లేదు, అయినా అరుస్తా" అంది ఇంకో పిల్ల. కొలను మొత్తం మరిగే ఎసరులా కుతకుతలాడింది.

గట్టు మీదున్న అమ్మ ఉన్నట్టుండి జుట్టు ముడేసుకుంది. మోకాళ్ళ మీద వంగి మొహం నీళ్ళలో పెట్టేసింది. ఏమని అరిచిందో ఎవరికీ తెలియదు.

"అమ్మ బుడగలే పెద్దవి!" చేపపిల్ల చప్పట్లు కొట్టింది.

ఆ రోజు ఇంటికి నడిచి వెళుతూ, తల్లీకూతుళ్ళు దారి పొడుగునా తాతయ్య గురకను అనుకరిస్తూ పోయారు. దిగులు పూర్తిగా పోలేదు. ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు పాప నీళ్ళలోకి దిగనంటుంది. అప్పుడు ఈలత్త కేకలు వేయదు, కాసేపు పక్కన కూర్చుంటుంది.