జక్కయ్య సారు స్టార్లు

మా పీఈటీ జక్కయ్య సారుకు మామూలు పిల్లవాడు ఎప్పుడూ కనబడలేదు. ఎటు చూసినా స్టార్లే.

శామీర్‌పేట చెరువు గట్టున లింగం వల విసురుతుంటే సారు బండి ఆపాడు.

"ఆ చెయ్యి జూసినవా? స్టార్."

"వానికి పొద్దటి సంది ఒక్క చేప పడలే సార్," అన్నాడు లింగం నాయిన.

"చేపలతోని నాకేం పని? రేపు బాస్కెట్‌బాల్ కోర్టుకు పంపు."

ఫిన్నీని చర్చిలో పట్టాడు. వాడు డోలక్ వాయిస్తుంటే మణికట్టు చూసి, పాట మధ్యలోనే లేచాడు.

"ప్రార్థనన్న కానియ్యుండ్రి సార్," అని వాడి తల్లి ఎలీషమ్మ బతిమాలింది. కానివ్వలేదు.

నేను హోంవర్కు చేయక క్లాసు బయట నిలబడి ఉన్నాను. "నిలబడ్డ తీరు జూడు," అన్నాడు సారు. అంతే, నేనూ స్టార్‌నే. కుమార్‌ను, భానుప్రకాశ్‌ను తీసుకోవడానికి ఇంతకంటే పెద్ద కారణాలు లేవు.

గౌడవెల్లిలో మా బడి వెనక సిమెంటు కోర్టు. బంతి ఎవరి చేతికొస్తే వాడే రింగులో వేసేవాడు. పక్కవాడికి ఇచ్చే అలవాటు లేదు. ఐదు వేర్వేరు జట్ల వాళ్లు పొరపాటున ఒకే రంగు బనియన్లు తొడుక్కొచ్చారని చూసేవాళ్లు అనుకునేవారు.

ప్రతి మ్యాచ్ ముందూ సారు ఒక్కొక్కరినే నీళ్ల నల్లా దగ్గరకు పిలిచి చెవిలో ఏదో చెప్పేవాడు. మిగతావాళ్లకు ఏం చెప్పాడో నేను అడగలేదు. నాకు చెప్పింది నాకు చాలు.

పదో తరగతిలో ఉండగా కరస్పాండెంట్ దేవేందర్ కోర్టు చుట్టూ ఒకసారి నడిచాడు.

"ఇన్నేండ్లాయె సారూ, ఒక్క కప్పు రాలే. ఈసారి గూడ రాకపోతె ఈడ బస్సులు పెట్టుకుంటం."

"ఈసారి ఐదుగురు స్టార్లున్నరు," అన్నాడు సారు.

ఎవరికి వాళ్లం వేసుకుంటూనే ఎలాగో మేడ్చల్‌లో ఫైనల్ దాకా వచ్చాం. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. చివరి క్షణాలు. బంతి లింగం చేతిలో ఉంది. ఫిన్నీ రింగు కింద ఒంటరిగా, చేతులు చాపి నిలబడ్డాడు. లింగం వాడిని చూశాడు. చూసి, తనే వేశాడు. బంతి రింగును తాకి బయటికి పోయింది.

తిరుగు దారిలో వ్యానులో ఫిన్నీ అడిగాడు. "నాకెందుకియ్యలే రా?"

లింగం కిటికీ వైపు తిరిగాడు. "సారు జెప్పిండు. స్టార్‌ను నేనొక్కన్నే అని. మీరంత నాకు బంతి ఇయ్యనీకె ఉన్నరని. ఎవ్వరికి జెప్పద్దన్నడు."

అది నా మాట. నల్లా దగ్గర నాకు చెప్పిన మాట. ఫిన్నీ వైపు చూశాను. కుమార్ వైపు చూశాను. అందరిదీ అదే మాట.

"అసలు స్టార్ ఎవరు సార్?" అన్నాడు భానుప్రకాశ్.

ముందు సీట్లో సారు వెనక్కి తిరగలేదు. "లింగం క్లాసుల నోరే తెరవకపోతుండె. నువ్వు లెక్కలల్ల ఫెయిలై ఏడుస్తుంటివి. ఒక్కనికి జెప్పి నలుగురిని ఎట్ల ఇడిచిపెడ్త రా?"

మళ్లీ తనే అన్నాడు. "చెప్పద్దంటె, నిజంగనే ఒక్కరు గూడ చెప్పుకోలేదా?"

చెప్పుకోలేదు. ఒక్కసారి చెప్పుకొని ఉంటే కోర్టు మిగిలేది.

మొన్న ఫిన్నీ, నేను బడికి వెళ్లాం. కోర్టు నిండా బస్సులు. సారు ఇప్పుడు వాటికి ఇన్‌చార్జి. రింగు ఇంకా ఉంది, దాని మీద ఎవరో తువ్వాలు ఆరేశారు. ఫిన్నీ ఒక ఖాళీ సీసా తీసి నాకిచ్చాడు.

"నువ్వెయ్యి రా."

"నువ్వే ఎయ్యి," అని తిరిగిచ్చాను. వాడు మళ్లీ నాకే ఇచ్చాడు.

బస్సు పక్కన నిలబడి సారు చూస్తున్నాడు. "గిప్పుడు ఇచ్చుకుంటున్నరు," అన్నాడు.

బడి వదిలారు. ఐదు బస్సులు ఒకేసారి కదిలి గేటు దగ్గర ఇరుక్కున్నాయి. ఏ డ్రైవరూ వెనక్కి తగ్గలేదు. ఒకటే హారన్లు.

ఫిన్నీ నా వైపు వంగాడు. "వీళ్ల చెవుల గూడ జెప్పిండు రా."