మా బావ చేతి దెబ్బ

మా అక్క మొగుడికి పంక్చర్ షాపు ఉంది. వీధంతా అతన్ని 'పిడుగు' అంటుంది. నోరు తెరవకముందే చెయ్యి లేస్తుంది మరి! టైరు ఊడదీసే ఇనప పట్టీ ఎప్పుడూ పక్కనే ఉంటుంది. మరదల్ని కాబట్టి నన్నేమీ అనలేడు, నేను మాత్రం మొహం మీదే అనేదాన్ని: "బావా, నీకు నోరెందుకిచ్చాడో ఆ దేవుడు, దండగ." నవ్వేవాడు. ఆ నవ్వుతోనే వెళ్ళి ఇంకొకడి చెంప పగలగొట్టేవాడు.

ఆ చెంపలు సొల్యూషన్ కొనడానికి వచ్చే కుర్రాళ్ళవి. ట్యూబు చిల్లు మీద రబ్బరు ముక్క అంటించే జిగురు అది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పోసుకుని, మూతికి ఆనించుకుని పీల్చి, మత్తులో తూలే పిల్లలు మా వీధిలో ఎక్కువయ్యారు. మిగతా షాపులవాళ్ళు అడిగితే అమ్మేవాళ్ళు. మా బావ "చక్రం తీసుకురా, నేనే రాస్తా" అనేవాడు. చక్రం లేదని తెలిస్తే చాలు, చితకబాదేవాడు. ఒకడికి పెదవి చిట్లింది. ఇంకొకడికి పన్ను ఊడింది. వాడి తండ్రి తగువుకొస్తే ఆయనకీ పడ్డాయి. "నా గడప తొక్కే మగాడు లేడు" అని బావ మీసం మెలేశాడు. నిజమే, ఎవడూ తొక్కలేదు. అందరూ పక్క షాపుకి పోయారు.

అక్క కొడుకు చదివే బళ్ళో తల్లిదండ్రులకి ఒక నర్సమ్మ తరగతులు పెట్టింది. అక్క పోరు పడలేక బావ వెళ్ళాడు, తోడు నేను. నర్సమ్మ మెల్లగానే చెప్పింది. "కొట్టి భయపెడితే పిల్లలు మానరు, దాచుకోవడం నేర్చుకుంటారు. ఇది నా సొంత కవిత్వం కాదు, ఎంతోమంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించినవాళ్ళు తేల్చింది. మత్తు సరుకు వాళ్ళ చేతికి అందకూడదు. వాళ్ళు ఎక్కడున్నారో, ఎవరితో ఉన్నారో మీకు తెలియాలి. అడగండి, చెప్పేది పూర్తిగా వినండి. వద్దని ఎలా అనాలో ఇంట్లోనే ఆడించి నేర్పండి."

ఆ ఆట మా చేతే ఆడించింది. దర్జీ ఒకాయన చెడు స్నేహితుడి వేషం కట్టి, "రారా, ఒక్కసారి పీల్చి చూడు" అన్నాడు. కాదని చెప్పాల్సిన వంతు మా బావది. ఫట్‌మని ఒక్కటిచ్చాడు. దర్జీ బెంచీ మీదుగా వెనక్కి పడ్డాడు.

"నోటితో చెప్పమన్నానండీ!" అని నర్సమ్మ అరిచింది.

"మావాడికి ఈ నాటకాలు అక్కర్లేదు నర్సమ్మా. ఇకనుంచి వాడు నా కళ్ళ ముందే ఉంటాడు, చాలా?" అన్నాడు బావ.

అన్నంత పనీ చేశాడు. తొమ్మిదో తరగతి చదివే కొడుకుని బడి వదలగానే షాపుకి రప్పించి, వెనక గదిలో కూర్చోబెట్టి చదివించేవాడు. సొల్యూషన్ డబ్బాలుండేది ఆ గదిలోనే. "వీడి చదువూ అవుతుంది, సరుక్కి కాపలా కూడా" అని మురిసిపోయాడు. మా తెలివి తెల్లారినట్టే ఉంది, మాకెవరికీ ఏమీ తట్టలేదు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం బావ కొడుకుని షాపులో పెట్టి, రోడ్డు మీద ఆగిన లారీ దగ్గరికి పోయాడు. డ్రైవరే టైరు మార్చుకోవడంతో వెంటనే తిరిగొచ్చాడు. అప్పుడే నేను అన్నం క్యారియర్ పట్టుకుని వచ్చాను. షట్టరు సగం దించి ఉంది. లోపల కరెంటు లేదు. వెనక గదిలో ఎవరో గుసగుసలాడుతున్నారు.

"దొంగనాయాళ్ళు! నా షాపులోకే వచ్చార్రా!" అంటూ బావ ఇనప పట్టీ తీసుకుని దూరాడు. మొదటివాడికి వీపు మీద పడింది. రెండోవాడు చక్రం రిమ్ము విసిరాడు, బావ కనుబొమ్మ చీలిపోయింది. నన్ను తోసుకుంటూ ఇద్దరూ పారిపోయారు. కళ్ళలోకి నెత్తురు కారుతుంటే బావకి పూనకమే వచ్చింది. మూడోవాడు కదల్లేదు. మొహానికి కవరు పెట్టుకుని గోడకి చేరగిలబడ్డాడు. బావ వాణ్ణి బలంకొద్దీ కొట్టాడు. అడ్డం పెట్టిన చెయ్యి విరిగిన చప్పుడు నాకు గుమ్మం దగ్గరికి వినిపించింది.

కవరు జారింది. "నాన్నా" అన్నాడు వాడు, నిద్రలో మాట్లాడినట్టు.

ఆసుపత్రిలో వాడి చేతికి కట్టు కట్టారు, బావ కనుబొమ్మకి కుట్లు వేశారు. అక్క బావ చొక్కా పట్టుకుని, "నీ చేతులు పడిపోను!" అంటూ డాక్టరు ముందే గుద్దింది. బావ చేతులు కట్టుకుని ఆ గుద్దులు తిన్నాడు. వాడికి మత్తు దిగాక మాత్రం మంచం దగ్గరికెళ్ళి, "ఎవడ్రా నీకిది నేర్పింది? చెప్పు, వాణ్ణి నరికేస్తా!" అన్నాడు.

"ఎవరూ నేర్పలేదు. నువ్వు కూర్చోబెట్టిన చోటే మూత తీశాను. వాళ్ళని పిలిచింది కూడా నేనే."

బావ చెయ్యి అలవాటుగా పైకి లేచింది. వాడు కట్టు కట్టిన చేతినే మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"రోజూ నీ వెనకే బండి మీద ఇంటికొచ్చేవాణ్ణి" అన్నాడు ఆ చేతి చాటు నుంచే. "ఈ రోజు కనిపెట్టేస్తావు, ఈ రోజు చంపేస్తావు అనుకునేవాణ్ణి. అంత వాసన నీకు రాలేదా నాన్నా?"

రాలేదు. ఇన్నేళ్ళుగా ఆ జిగురు వాసన బావ వేళ్ళలో ఉంది, చొక్కాల్లో, దుప్పట్లో ఉంది. అక్క చీరల్లోనూ అదే. పిల్లాడి నోటి నుంచి వచ్చినా, అది మా ఇంటి వాసనే కదా!

బావ రెండు చేతులతో తన మొహం తనే ఎడాపెడా వాయించుకున్నాడు. కనుబొమ్మ మీద కుట్లు తెగి మళ్ళీ నెత్తురు వచ్చింది. వాడు లేచి, బాగున్న చేత్తో తండ్రి మణికట్టు పట్టుకున్నాడు.

"కొట్టుకోకు నాన్నా. అడుగు, చెప్తాను."

అడగడం మా బావకి ఎక్కడ వచ్చు! నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు. ఆఖరికి, "నొప్పిగా ఉందా అయ్యా?" అన్నాడు.

పిల్లాడు అప్పుడు ఏడ్చాడు.