రంగుల పట్టడ వెనక వీధి

పోయిన వారం మా అమ్మాయి బడిలో తల్లిదండ్రులను పిలిపించి, పదకొండో తరగతి నుంచి విదేశీ సిలబస్ పెడతా ఉండామని చెప్పినారు. బాగా చదివే పిల్లలకు మాత్రమేనంట. "ఇందులో పిల్లలు స్వేచ్ఛగా ఆలోచిస్తారు" అంటే పక్కనున్న తల్లులంతా తలలూపినారు. నాకు మాత్రం ఆ ఏసీ గదిలో మెడ మీద చెమట పట్టింది. ఆ చదువు నేను చదివినదే.

వేలూరు పక్కన తమిళ ఊరు గుడియాత్తంలో మాకు రంగుల పట్టడ ఉండేది. లుంగీల, పంచెల నూలుకు రంగులద్ది మగ్గాల వాళ్ళకు ఇచ్చేవాళ్ళం. ఎలక్షన్లొస్తే రెండు పార్టీల వాళ్ళూ తమ పార్టీ పంచెల అంచు రంగు కోసం మా వాకిట్లోనే ఎదురుపడేవాళ్ళు. నాయన ఇద్దరికీ కాఫీ ఇప్పించి, "యెవురు గెలిచినా పంచె కట్టుకోవల్ల కదప్పా" అనేవాడు. పదో తరగతిలో నాకు మంచి మార్కులొచ్చినాయని, వేలూరు అవతల కొండ కింద కొత్తగా పెట్టిన హాస్టలు బడిలో చేర్పించినాడు. పేపర్లు యాడో పరాయి దేశంలో దిద్దుతారని తెలిసి మా అవ్వకు ఒకటే దిగులు. "మొగం తెలీనోళ్ళు దీనికి మార్కులెట్ల ఏస్తారు నాయనా?" అని అడిగేది. బడిలో మాతృభాష ఏదంటే తెలుగు అన్నాను. దానికి టీచరు లేరు, ఇంటినుంచి తెలుగు పుస్తకాలు తెచ్చుకొని సొంతంగా చదువుకో అన్నారు. మా ఇంట్లో ఉండే తెలుగు పుస్తకం పంచాంగం ఒకటే, అది చదవను వచ్చినోళ్ళూ ఎవరూ లేరు. తమిళమే తీసుకున్నాను.

పెద్ద వ్యాసం వచ్చేదాకా అంతా బాగానే ఉండేది. ప్రతి ఒక్కరూ సొంతంగా ఒక పరిశోధన చేసి రాయాలి. రాయకుంటే ఎంత చదివినా పట్టా లేదు. నేను కెమిస్ట్రీలో మా ఊరి బావుల నీళ్ళు ఎంచుకున్నాను. ఇంటికి వచ్చినప్పుడల్లా సీసాల్లో పట్టుకొని, బస్సులో ఒళ్ళో పెట్టుకొని కాట్పాడి మీదుగా తీసకపోయేదాన్ని. ల్యాబులో చూస్తే, అన్నిటికన్నా చెడ్డ నీళ్ళు మా పట్టడ వెనక వీధి బావివి. మా రంగు నీళ్ళు పారేది, మా కూలీల ఇండ్లు ఉండేది ఆ వీధిలోనే. మా ఇంటికి తాగే నీళ్ళు మోర్ధానా కాలవ పక్కన మా తోట నుంచి బండిలో వచ్చేవి. ఎందుకొస్తాయని నేనెప్పుడూ అడగలేదు.

ఆ బావిని వ్యాసంలోంచి తీసేస్తానని కెమిస్ట్రీ మేడంతో చెప్పినాను. ఆమె కోప్పడలేదు. "కొలిచింది నువ్వు. కొలిచినాక లేదనడం ఎట్లా?" అని మాత్రం అనింది. విషయం మార్చుకొనే గడువు దాటిపోయింది. బడి వదిలేసి ఊళ్ళో ప్లస్ టూలో చేరదామంటే నడిమధ్యలో ఎవరూ చేర్చుకోరు. రాస్తే నాయన పరువు పోతాది, రాయకుంటే నా చదువు పోతాది. హాస్టలు కిటికీలోంచి చూస్తే ఎండకు మాడిన కొండ తప్ప ఏమీ కనిపించేది కాదు.

ఒక ఆదివారం మధ్యాన్నం పట్టడలో నాయన ఒక్కడే నూలు ఆరేస్తా ఉంటే, పోయి చెప్పేసినాను. తెలుగులో మాటలు చాలక సగం తమిళంలో చెప్పినాను. ఆయన చేతిలో పని ఆపకుండానే విన్నాడు.

"మన పేరు రాసినావా?"

"లేదు నాయనా. ఒక పట్టడ అని రాసినాను."

"ఆ యీదికి ఆనుకోని ఉండేది మనదొకటే కదమ్మా." ఇంకో నూలు కట్ట ఆరేసి, "దీన్ని యెవురు చదువుతారు?" అన్నాడు.

"యాడో దేశంలో దిద్దేవాళ్ళు."

"అంత దూరంలో ఉండేవాళ్ళకి చెప్తా ఉండావు. ఆ యీదిలో వాళ్ళకి చెప్పినావా?"

"చెప్పలేదు నాయనా."

"నేనూ చెప్పలేదులే," అన్నాడు నాయన. "పట్టడ మూస్తే వాళ్ళకి పని యాడుండాది? నడిపితే నీళ్ళు యాడుండాయి? నువ్వు పుట్టకముందు నించి ఇందులోనే ఇరుక్కోని ఉండానమ్మా. నువ్వు రాయి."

రాసినాను. మార్కులు ఓ మాదిరిగా వచ్చినాయి. ఆ సోమవారం నుంచి తోట నీళ్ళ బండి ముందు ఆ వీధికి పోయి, తర్వాతే మా ఇంటికి వచ్చేది. ఎందుకొస్తా ఉండాదో నాయనే వీధిలో నిలబడి చెప్పినాడంట. కొందరు మొగం మీదనే తిట్టినారు, కొందరు పని మానేసినారు, మిగిలినవాళ్ళు బిందెలు పట్టుకొని వచ్చినారు. పట్టడ ఇంకా చాలా ఏండ్లు నడిచింది. మూతపడింది నా వ్యాసం వల్ల కాదు, లుంగీల బేరం పడిపోయినందుకు. ఆ బావి నీళ్ళు ఇప్పటికీ నోట్లో పెట్టుకొనేట్టు లేవు.

ఆ పొద్దు నాయన అన్నీ తెలిసిన పెద్దాయన అనుకొని భయపడినాను. అప్పటి ఆయన వయసు ఇప్పుడు నాకు వచ్చింది. ఈ వయసులో మనిషికి తెలిసేది ఎంత కొంచెమో, ఆ కొంచెం నోరు తెరిచి చెప్పను ఎంత కష్టమో తెలుసుకోను నాకు ఇన్నేండ్లు పట్టింది.